కొండ జెట్టు

"నర్సాపూర్ దాకనే పోయొచ్చిండ్రా సార్?" మెకానిక్ సాబిర్ మళ్లీ అడిగాడు.

లెక్కల సారు సాల్మన్ రాజు తల ఊపాడు. చర్చి మీటింగులకు పోయానని, తిరిగొచ్చినప్పటి నుంచి తన పాత మారుతి లాగడం లేదని, ఊరికే వేడెక్కుతోందని గొణిగాడు.

సాబిర్ విప్పిన ప్లగ్గు సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు చాలక ఇంజను మాడుతోంది. కార్బురేటరు విప్పితే అసలు సంగతి బయటపడింది. పెట్రోలు వదిలే జెట్టు తాను వేసింది కాదు, అంతకంటే సన్న రంధ్రంది. ఎత్తైన కొండల మీద గాలి పలచబడుతుంది. దానికి పెట్రోలు ఎక్కువై బండి నల్ల పొగ కక్కుతుంది. అందుకే అక్కడి మెకానిక్కులు చిన్న జెట్టు వేస్తారు. కిందికొచ్చాక మార్చకపోతే బండి ఇదిగో, ఇలా ఏడుస్తుంది. నర్సాపూర్‌లో అంత కొండ ఎక్కడిది? కారేసుకుని పోయేంతలో అంత ఎత్తంటే ఊటీయే.

వెనక తలుపు మీద పాన్ మరక కూడా ఉంది. సారు భార్య ఎలిశిబా పాన్ వాసనకే ముక్కు మూసుకునే మనిషి. సాబిర్‌కు సారును చూస్తే అసహ్యం పుట్టింది. ఆదివారం పూట పెద్దమనిషి, మిగతా రోజుల్లో ఈ వేషాలు!

"ఊటీకి పోయిండ్రు గదా? ఎవరినో ఎంబడి తోల్కపోయిండ్రు."

సారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అది చూసి సాబిర్ ఇంకా రెచ్చిపోయాడు. ఇల్లు ఎలా నడపాలో తనను చూసి నేర్చుకోమన్నాడు. తన మాట కాదని నిఖా చేసుకుపోయిన కూతురు జోహా ఎక్కడుందో ఇంతవరకు అడగలేదట. ఇంట్లో దాని పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదట. చెల్లెలికి బాగాలేదని మొన్న షాజహాన్ బీ చేగుంట పోయినా, భర్తగా తను సెలవిచ్చాకే గడప దాటిందట.

జోహాకు కూడా లెక్కలు చెప్పిన సారు తల దించుకుని అన్నీ విన్నాడు.

"రేపు చర్చి మెట్ల కాడ నిలబడి అందరికి చెప్త," అంటూ సాబిర్ జెట్టును ఆయన ముందు విసిరాడు. "ఆ పాన్ నమిలేదానికి సిగ్గు లేదు, మీకు లేదు."

సాల్మన్ రాజు వంగి జెట్టు ఏరుకున్నాడు. చెప్పనని ఇచ్చిన మాట ఇక నిలిచేలా లేదు.

"జోహా ఇంట్ల మనవడిని ఎత్తుకొని షాజహాన్ బీ మస్తు ఏడ్చింది, సాబిర్ భాయ్."