ఎడమ బ్రేకు

ఎడమ చక్రం కింద నూనె మడుగు. చిన్నదే, అరచేతంత. ఎరుపులో పసుపు తెరలు తెరలుగా తేలుతోంది.

"పెడల్ నొక్కితే నేలదాకా దిగిపోతోందక్కా," అన్నాడు తిరో. కుర్ర పైలట్. మౌన్ పట్టణంలో ఈ విమానాల షెడ్డుకు వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఒనాలెన్నా వంగి చూసింది. ఆ విమానానికి మెకానిక్ ఆమె. మడుగులో వేలు ముంచి, వాసన చూసి, చక్రం పక్కన చతికిలబడింది.

షెడ్డు మూల నీడలో తెల్లగుడ్డ కప్పిన శవపేటిక ఉంది. మొలేఫిది. మొన్నటిదాకా ఈ విమానం నడిపింది అతనే. సోమవారం పొద్దున టీ తాగుతూ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

రేపు శనివారం, తెల్లవారగానే అతని సొంతూరు సెరోంగాలో పూడ్చాలి. ఈ రాత్రి మనిషి తన ఇంట్లో ఉండాలి, ఊరంతా చుట్టూ కూర్చుని పాడాలి. అది జరగకపోతే ఆ ఇంటికి తలవంపులు. దారిని వరద మింగేసింది. మిగిలింది ఈ విమానమే. సెరోంగాలో విమానం దిగే చోట దీపాలుండవు, పొద్దు ఉండగానే దిగాలి. నేల పొట్టిది. దాని చివర ఈ ఏడు నది వచ్చి నిలబడింది. బ్రేకు లేకుండా దిగితే మొలేఫిని తిన్నగా నీళ్లలోకి దింపినట్టే.

తిరో ఫోన్ మోగింది. మొలేఫి మేనత్త. ఆవిడ గొంతుకు ఫోనక్కర్లేదు, సెరోంగా నుంచి కేకేసినా ఇక్కడికి వినిపిస్తుంది.

"బయల్దేరారా అబ్బాయ్?"

"లేదు పెద్దమ్మా. బ్రేకు కారుతోంది."

"కారితే తుడిచి రండి. మొలేఫి పెళ్లాం ఏది? పరుపు పరిచి పొద్దుటి నుంచి కాచుకుని కూచున్నాం. మొగుడు పోయిన మనిషి పరుపు దిగకూడదు, పుల్ల ఎత్తకూడదు. ఈవిడగారు అసలు ఊళ్లోకే రాలేదాయె. వచ్చినవాళ్లంతా నన్నడుగుతున్నారు, నేనేం చెప్పేది?"

"శవంతో పాటే వస్తుంది పెద్దమ్మా. నేను తీసుకొస్తాగా."

ఫోన్ జేబులో పెట్టి తిరో ఇటు తిరిగాడు. ఒనాలెన్నా అప్పటికే బ్రేకు విప్పేసింది. లోపలి రబ్బరు రింగును వేలి చివర పట్టుకుని వెలుతురులో చూస్తోంది. అది నానబెట్టిన శనగలా ఉబ్బిపోయి ఉంది.

"కారు బ్రేక్ ఆయిల్," అంది. "మనం పోసేది ఎర్ర నూనె. ఈ రబ్బరుకు కారు నూనె పడదు, తాగి ఉబ్బుతుంది, ఆనక కారుతుంది. ఎవరు పోశారు?"

తిరో నేలచూపులు చూశాడు. "పోయిన వారం టూరిస్టుల క్యాంపులో పెడల్ మెత్తబడిందట. పక్కనే జీపులో డబ్బా కనబడిందట..."

"ఎవరికి?"

తిరో షెడ్డు మూలకు చూశాడు.

ఒనాలెన్నా రింగును వేళ్ల మధ్య చాలాసేపు తిప్పింది. కోపం రావాలి. రాలేదు. ఈ వారమంతా ఆమెకు ఏదీ రావడం లేదు, ఆకలితో సహా.

"డబ్బా మీద ఏముందో చదివే అలవాటు లేదు," అంది. "టీలో ఉప్పు వేసుకుని, బాగుందని తాగేసే రకం."

"పోయినవాణ్ణి తిట్టకూడదక్కా."

"తిట్టడం లేదు. రింగు చూపిస్తున్నా."

పక్క షెడ్డు ముసలి మెకానిక్ దిత్సెలె జొన్నగంజి గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమెను ఆటపట్టించందే ఆయనకు పొద్దు గడవదు. ఇవాళ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. శవం ఉన్న చోట ఎవరు మాత్రం నవ్వుతారు.

"నువ్వు లేమ్మా, కాస్త తిను. మిగతాది నేను చూస్తా."

"కళ్లజోడు లేకుండా నీకు స్పానరే కనబడదు మామా. నన్ను చెయ్యనీ."

గంజి అలాగే చల్లారి మీగడ కట్టింది.

పాత నూనె మొత్తం వంపేసింది. గొట్టాలన్నీ స్పిరిటుతో కడిగింది. రెండు చక్రాలకూ కొత్త రింగులు వేసింది. పైలట్ సీటు ముందు వెల్లకిలా పడుకుని, పెడళ్ల కింద తల దూర్చి, అక్కడివీ మార్చింది. ఆ కారు నూనె తగిలిన ఏ రబ్బరునూ నమ్మడానికి లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆమె దూరం నుంచి చూస్తున్నట్టుంది.

తర్వాత చక్రం దగ్గర నుంచి ఎర్ర నూనెను పైకి ఎక్కించింది. పైన నూనె తొట్టి దగ్గర తిరో కాపలా.

"బుడగలు?"

"వస్తున్నాయక్కా."

"ఇప్పుడు?"

"ఆగాయి."

"ఎక్కి నొక్కు. అలా కాదు. నది ఎదురొచ్చినట్టు నొక్కు."

తిరో బలమంతా పెట్టి నొక్కాడు. పెడల్ రాయిలా నిలబడింది. ఆమె చక్రం కింద తెల్లటి గుడ్డ పరిచి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నొక్కి నొక్కి తిరో కాళ్లు వణికాయి. గుడ్డ మీద ఒక్క చుక్క పడలేదు.

"నిలుస్తుంది," అంది.

వెనక సీట్లు తీసేశారు, ఒక్కటి మాత్రం ఉంచారు. నలుగురు మగవాళ్లు పేటికను ఎత్తి లోపలికి జరిపి తాళ్లతో కట్టారు. పొద్దు వాలుతోంది. ఒనాలెన్నా స్పానర్లు తుడిచి పెట్టెలో సర్దింది. సబ్బు పొడి గుప్పెడు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది.

ఫోన్ మళ్లీ మోగింది.

"నీ బ్రేకు సంగతి తర్వాత. ఆ పిల్ల విమానం ఎక్కిందా లేదా, అది చెప్పు ముందు," అంది మేనత్త.

తిరో కుళాయి వైపు చూశాడు.

"వచ్చేస్తోంది పెద్దమ్మా, గోళ్లలో ఎర్ర నూనె కడుక్కుంటోంది."