జవాబు వచ్చేదాకా

పగలు పదకొండున్నరకి నాలుగో నంబరు వైర్‌లెస్ స్టేషన్ కూడా అందకుండా పోయింది.

అసలు అందాల్సింది అదే.

ఎగువన చెరువు గేట్లు పదింటికే ఎత్తేశారు. ఆ నీళ్లు మూసీలో పడి దోభీ రేవు బస్తీకి చేరేసరికి రెండవుతుంది. బస్తీలో నాలుగు వందల మంది ఉన్నారు. వాళ్లను ఖాళీ చేయించాల్సింది నాలుగో స్టేషన్. దానికి ఒక్క మాట కూడా చేరడం లేదు.

టెలిఫోన్ తీగలు వానకి తెగాయి. కంట్రోల్ రూము ఉన్న మొఘల్‌పురా నుంచి బస్తీకి వెళ్లే దారిలో నడుము లోతు నీళ్లు.

వరద కంట్రోల్ రూములో సూపర్‌వైజర్ జగన్నాథం హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాడు. అందులో మాటలు లేవు. ఆరేడు గొంతులు కలిపి నూరినట్టు ఒకటే కీచు.

"ఎవడో దొంగ సెట్టు పెట్టి అడ్డం పడుతున్నడు," అన్నాడు ఆపరేటర్ బాబురావుతో.

బాబురావు మైకు అందుకుని అదే కబురు మళ్లీ మూడుసార్లు చదివాడు.

ప్రతి కబురూ మూడుసార్లు చెప్పాలి, జవాబు కోసం ఆగకూడదు. డెబ్బై ఆరులో జగన్నాథం రాసిన ఉత్తర్వు అది. మూడింట్లో ఒక్కటైనా అందకపోతుందా అని ఆయన లెక్క. పై ఆఫీసరు మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశాడు. ఆరు స్టేషన్లూ ఆ ఉత్తర్వును పొల్లుపోకుండా పాటిస్తున్నాయి.

అప్పుడే తడిసి ముద్దైన ఒక ముసలాయన లోపలికొచ్చాడు. పేరు రామలింగయ్య అన్నాడు. జహనుమా నుంచి నడిచొచ్చానన్నాడు.

"గాలిల లొల్లి మీవోళ్లదే సార్. ఒకని మీద ఒకడు పడుతున్నరు. ఒక్కసారే చెప్పాలె. జవాబు వచ్చేదాంక ఆగాలె. విన్నోడు విన్నది మళ్ల అప్పజెప్పాలె. జవాబు రాకుంటే ఒకటో నంబరోడు పది లెక్కవెట్టి చెప్పాలె, రెండో నంబరోడు ఇరవై, మూడో నంబరోడు ముప్పై. గట్లయితే ఇద్దరు ఒక్కపారి నోరు తెరువరు."

జగన్నాథానికి అవేవీ చెవికెక్కలేదు. ఒకటే ఎక్కింది.

"మా మాటలు నీకెట్ల ఇనవడ్డయ్?"

"ఇంట్ల సెట్టున్నది సార్. నేనే చేసుకున్న."

"లైసెన్సు?"

"లేదు."

దొంగ తనంతట తనే దొరికాడు. జగన్నాథం అక్కడికక్కడే ఫిర్యాదు రాసి, సంతకం పెట్టి, జవానును తోడిచ్చి ముసలాయన్ని పక్క వీధి ఠాణాకు పంపించాడు.

రామలింగయ్య ఎదురాడలేదు. గడప దగ్గర మాత్రం ఆగాడు.

"నాలుగో నంబరు జవాబిస్తే నాకొక్క కబురు చెప్తరా సార్?"

జవాను ఆయన్ని బయటికి నడిపించాడు.

అడ్డం తొలగింది, ఇక మాటలు అందుతాయని జగన్నాథం కూర్చున్నాడు. పన్నెండయింది. పన్నెండుంపావయింది. కీచు తగ్గలేదు సరికదా, పెరిగింది.

బాబురావు ఒకసారి ఆయన మొహం చూశాడు. పన్నెండేళ్ల సర్వీసులో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా మైకు పట్టుకున్నాడు. అందరూ మాటలు ఆపాలని, నంబరు పిలిచినవాడే మాట్లాడాలని, కాస్త సందు దొరికినప్పుడల్లా చెప్తూ పోయాడు.

ముందు ఆరో స్టేషన్ ఆగింది. తర్వాత రెండు. తర్వాత మిగతావి ఒక్కొక్కటీ.

పన్నెండూ ముప్పై ఐదుకి గదిలో గోడగడియారం చప్పుడు వినపడింది.

"నాలుగు," అని పిలిచాడు బాబురావు.

"నాలుగు, శివయ్యను."

బాబురావు కబురు ఒక్కసారే చెప్పాడు. శివయ్య విన్నది విన్నట్టు అప్పజెప్పాడు: బస్తీ ఖాళీ, రెండింటి లోపల, అవతలి గుట్ట మీది బడికి. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు.

రెండూ పదికి శివయ్యే పిలిచాడు. ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. లోపల మనుషులు లేరు. కాశమ్మ అనే ఆమె కుట్టుమిషను వదిలి రానంటే, మిషనును కూడా మోసుకెళ్లారట.

నాలుగింటికి వాన తెరిపిచ్చాక, అడ్డం పడింది ముసలాయన కాదని చెప్పి ఫిర్యాదు వాపసు తీసుకుందామని జగన్నాథం ఠాణాకు నడిచాడు.

ముసలాయన అక్కడ లేడు. మూడింటికే మెజిస్ట్రేటు ముందు నిలబెట్టి జైలుకు పంపామని ఎస్సై అమరనాథ్ చెప్పాడు. మళ్లీ కోర్టు సోమవారమే. ఇంట్లో దొరికిన సెట్టు వినడానికే తప్ప మాట్లాడటానికి పనికిరాదని కూడా చెప్పాడు.

"పోయేటప్పుడు ఏమన్నన్నడా?"

"నాలుగో నంబరు జవాబిచ్చిందా అని అడిగిండు. నాకేం ఎరుక సార్, తెల్వదన్న."

జగన్నాథం కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరాయన?"

"జైలు ఆయనకు కొత్త కాదు సార్. రానుపోను ఒకటే పట్టాలుండే రైలు లైను మీద చిన్న స్టేషనుకు మాస్టరుండె. పందొమ్మిదేండ్ల కింద, అవతలి స్టేషను నుంచి జవాబు రాకముందే బండిని వదిలిండు. ఎదురుంగ ఇంకో బండి. పదకొండు మంది పోయిన్రు. నాలుగేండ్లు లోపలున్నడు. బయటికొచ్చినకాంచి గా సెట్టు ముంగటే కూసుంటడంట. ఎవరెవరు జవాబుకు ఆగకుంట మాట్లాడుతున్నరో రాసుకుంట."

అమరనాథ్ ఫిర్యాదు కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

"వైర్‌లెస్‌కు అడ్డం పడింది ఈయన కాదంటున్నరు గద సార్. మరి ఎవరి పేరు రాయమంటరు?"

జగన్నాథం కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"రాయున్రి," అన్నాడు. "జగన్నాథం. సూపర్‌వైజర్, కంట్రోల్ రూము, మొఘల్‌పురా."