వెనక చాప

ఎదురు ఫ్లాటు రమాకుమారి చెప్పిందట: ఆ ముసల్ది మన టవర్ మనిషే కాదట, కలకత్తా ఆ చివర మెటియాబ్రుజ్ బస్తీ నించి వస్తోందట, అదీ క్లబ్‌హౌస్ ఏసీ గాలి కోసమట.

విన్న భానుమతి ముక్కు చిట్లించింది.

ఆవిడ బాధ వేరు. ముప్ఫయ్యేళ్ళ బ్యాంకు కుర్చీ ఆవిడ తుంటిని కొయ్య చేసేసింది. మాఘంలో పెద్దకూతురి పెళ్ళి. పీటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతే కన్యాదానం మరిదీ తోడికోడలూ చేస్తారు.

అందుకే క్లబ్‌హౌస్‌లో సమీర చెప్పే యోగా క్లాసులో చేరింది. అరికాళ్ళు కలిపి కూర్చోమంటే మోకాళ్ళు కయ్యానికొచ్చిన కోడిపుంజుల్లా పైకే నిలబడ్డాయి. సిగ్గేసి మొదటిరోజే చాప చుట్టేసింది.

మర్నాడు సమీర బతిమాలితే వచ్చింది. వెనక చాప మీద అప్పలకొండమ్మ అనే ముసలావిడ కొత్తగా కనిపించింది. ఆవిడ మోకాళ్ళు చెవుల దాకా ఉన్నాయి.

భానుమతికి ప్రాణం లేచొచ్చింది.

"ఏం అప్పలకొండమ్మా, ఆ మోకాళ్ళ మీద బట్టలారేసుకోవచ్చా?"

"ఆరేసుకో తల్లీ. కీళ్ళు మొరాయించీసినాయి, ఏటి సేత్తాం?"

అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే ఇంకాస్త వంగారు. కొన్ని వారాలకి భానుమతి మోకాళ్ళు నేలకి బెత్తెడు దూరంలోకి దిగాయి.

మోకాళ్ళు దిగేకొద్దీ నోరు లేచింది.

"దీని పక్కన కూర్చోడం మాకేం ఖర్మ? పంపించెయ్," అంది సమీరతో.

సమీర ఏదో అనబోయింది.

"పోనీలే పాపా," అని అప్పలకొండమ్మే లేచింది.

గేటు దగ్గర గొంతుక్కూర్చుని చెప్పుల పట్టీ బిగించుకుంది. లేచేటప్పుడు నేలకి చెయ్యి ఆనించలేదు. ఎవరూ చూళ్ళేదు.

మర్నాడు క్లాసులో అందరికంటే పైనున్న మోకాళ్ళు భానుమతివే.

"వదినా, బట్టలారేసుకోనా?" అంది రమాకుమారి.

భానుమతి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

పెళ్ళినాడు పీటల మీద తోడికోడలు కూర్చుంది. భానుమతి వెనక కుర్చీలోంచి కూతురి పూలజడ చూసింది.

భోజనాల దగ్గర సమీర మీద విరుచుకుపడింది.

"ఆ మొద్దు మనిషి ఉన్నన్నాళ్ళే నీ క్లాసు బాగుంది. మళ్ళీ తీసుకురా. చిన్నదాని పెళ్ళికైనా నేను పీటల మీద కూర్చోవాలి."

సమీర అన్నం కలుపుతూ తలెత్తింది.

"రాదండి. నాకీ విద్య నేర్పిందే ఆవిడ. మీరు సిగ్గుపడి మానేస్తున్నారని చెబితే, మీకంటే మొద్దుగా కూర్చోడానికి వచ్చింది."