నేను చూడని దీవి

ఎర్రమ్మ మొగుడు సన్నిబాబు అండమాన్ వెళ్లి, అక్కడో చిన్న దీవికి పడవ నడిపేవాడు. వాళ్లింట్లో అతనికి తప్ప ఎవరికీ చదువు రాదు కాబట్టి అతని ఉత్తరాలు చోడవరం బళ్లో మేస్టరైన నా పేరు మీదే వచ్చేవి. డెబ్బయ్యొకటి శ్రావణంలో టెలిగ్రామ్ కూడా నాకే వచ్చింది. పడవ మునిగింది, శవం దొరకలేదు.

ఎర్రమ్మకి అప్పుడు తొమ్మిదో నెల. "కులాసాగానే ఉన్నాట్ట," అన్నాను.

పిల్ల పుట్టాక కూడా చెప్పడానికి నోరు రాలేదు. నెలకోసారి పాత ఉత్తరమే తీసి, కొత్తగా కల్పించి చదివేవాణ్ని. దొరలు వదిలేసిన బంగళాల గోడల్ని చెట్ల వేళ్లు పట్టేశాయనీ, సన్నిబాబు వాటిని టూరిస్టులకి చూపిస్తున్నాడనీ, అక్కడి లేళ్లు వాళ్ల చేతుల్లోంచి బిస్కెట్లు తింటాయనీ. పడవ మాట మాత్రం ఎత్తేవాణ్ని కాదు.

మాఘంలో ఓ రాత్రి, గోవాడ పంచదార ఫ్యాక్టరీ కూత ఆగాక తలుపు చప్పుడైంది. పిల్లని చంకనేసుకుని ఎర్రమ్మ నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"మేస్టారుబాబూ, ఈసారి ఉత్తరం మా గుమ్మంలోకే వచ్చింది. సదవండి."

ఇన్‌లాండ్ లెటరు తడిగా ఉంది. దాని మీద పోస్టు ముద్ర లేదు. విప్పితే ఇసక రాలింది. లాంతరు దగ్గరికి జరిగి మనసులోనే చదివాను. సన్నిబాబు చేతిరాతే.

"మేస్టారుబాబూ, మీరు సెప్పినట్టే ఉందిక్కడ. బంగళాలున్నాయి, లేళ్లున్నాయి. పడవొక్కటే లేదు. నేనెలగొచ్చీది?"

"ఎప్పుడొత్తాడంట బాబూ?" అంది ఎర్రమ్మ.