కాగితపు చీకటి

“నాకే ఒళ్ళు మండిపోతోందక్కా, ఇక నీకెలా ఉండాలి!” అంటూ ఎదురింటావిడ గుమ్మంలోనే అందుకుంది. “ఇవాళ పొద్దున కూడా బావగారు ఆ కాఫీ దుకాణంలోనే! ఆ దుకాణం ఆవిడ గల్లాపెట్టె గాలికొదిలేసి, కుర్చీ లాక్కుని మరీ ఎదురుగా కూర్చుంది. ఒకటే ఇకఇకలు.”

లెక్కల టీచరు పరీక్షపత్రాల మీదినుంచి తల ఎత్తలేదు. ఎర్రసిరా కలం మాత్రం ఎవరో పిల్లవాడి సరైన జవాబును అడ్డంగా కొట్టేసింది.

ఆమె భర్త పత్రిక ముద్రణాలయంలో రాత్రి షిఫ్టు మనిషి. యంత్రాలు ఆగాక ఒకప్పుడు నేరుగా ఇంటికి వచ్చేవాడు. ఆమె బడికి బయలుదేరేలోగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగేవారు. ఈమధ్య ఆ కాస్తా పోయింది. ఆ కాఫీ ఇప్పుడు వీధి మొగలో, మరొక ఆడదాని చేతి మీదుగా అందుతోంది.

“నవ్వించే మాటలు ఆయనకెక్కడివి?” అంది టీచరు చివరికి. “నాతో మాట్లాడితే కరెంటు బిల్లు, కుళాయి మరమ్మతు. అంతకు మించి నోరు పెగలదు.”

“అదే నా కడుపుమంట కూడా! నీలాంటి ఇల్లాలిని పెట్టుకుని, పోయి పోయి ఆవిడా?” ఎదురింటావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురింటాయన మందుల కంపెనీ పని మీద ఎప్పుడూ ఊళ్ళు పట్టుకు తిరుగుతూ ఉంటాడు. ఒంటరి మనిషి అయినా తన గోడు పక్కన పెట్టి పరాయి కాపురం కోసం ఇంతగా కుమిలిపోవడం చూసి టీచరు మనసు కరిగింది.

ఆ సాయంత్రం భర్త షిఫ్టుకు బయలుదేరుతూ ఉండగా ఆమె అడిగేసింది.

“ఇంట్లో కాఫీపొడి ఉంది. తెలుసా?”

“తెలుసు.”

“మరి ఆ దుకాణంలో అదనంగా దొరికేదేమిటో?”

అతడు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ విసుక్కున్నాడు. “ఇంటికొచ్చి ఏం చెయ్యమంటావు? గది నిండా ఎండ. కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక ఎర్రగా మండుతుంది. మంచం మీద దొర్లేకన్నా కుర్చీలో కూర్చోవడం నయం.”

“మీ కుర్చీ సరే, ఎదురు కుర్చీ సంగతేమిటి?”

“నీ లెక్కలు బడిలో వేసుకో” అని అతడు వెళ్ళిపోయాడు.

భర్తను అనుమానించడం ఆమెకు చిన్నతనంగా తోచింది. అనుమానించకుండా ఊరుకోవడం అంతకంటే చిన్నతనంగా తోచింది. బడికి వెళ్ళే దారి అదే కనుక రోజూ ఆ దుకాణం వైపు ఒక చూపు విసరక తప్పేది కాదు. కప్పులు తుడిచే ఆ నున్నటి చేతులు, ఎవరు పలకరించినా గలగలా పొంగే ఆ నవ్వు చూసినప్పుడల్లా, చాక్‌పీసు పొడితో ఎండిపోయిన తన వేళ్ళను ఆమె చీర కుచ్చిళ్ళలో దాచుకునేది.

ఉపాయం చెప్పింది ఎదురింటావిడే.

“కాగితపు తెరలని వస్తున్నాయక్కా. నల్లటి దళసరి కాగితం, విసనకర్రలా మడతలు. పైఅంచున జిగురుపట్టీ ఉంటుంది, కిటికీకి అంటించేయడమే. మేకులక్కర్లేదు, వడ్రంగి అక్కర్లేదు. చవక కూడానూ.”

“కాగితమా? నాలుగు రోజులుంటుందా? మంచి బట్ట తెరలే కుట్టిస్తాను.”

“కుట్టించు తల్లీ, తీరిగ్గా కుట్టించు! అవి వచ్చేదాకా ఆయన్ని ఆవిడ కాఫీకి వదిలేస్తావా?”

ఆ మాట సూటిగా తగిలింది.

ఆదివారం ఇద్దరూ పనికి దిగారు. టీచరు స్కేలు పెట్టి కొలిచి కత్తిరించింది. ఎదురింటావిడ కుర్చీ ఎక్కి అంటించింది.

“పక్కలకు సందు వదలకక్కా. ఎండెక్కాక వెలుగు సరిగ్గా ఆ సందులోంచే తలగడ మీద పడుతుంది.”

టీచరు మిగిలిన ముక్కలతో ఆ సందులు కూడా మూసేసింది. తలుపు వేసి చూసుకుంటే తన చెయ్యి తనకే కనబడలేదు. బావిలో దిగినట్టుంది. హాల్లో కూర్చున్న భర్త, “నన్నేమైనా సమాధి చేస్తున్నారా?” అన్నాడు.

“మీ నిద్ర కోసమే లెండి, బావగారూ” అని ఎదురింటావిడ ముసిముసిగా నవ్వింది.

మరునాటి నుంచి అతడు నేరుగా ఇల్లు చేరాడు. భార్యతో కలిసి కాఫీ తాగి, ఆమె చెప్పులు వేసుకుంటూ ఉండగానే ఆవలిస్తూ పడకగదిలోకి వెళ్ళేవాడు. మనిషి ముఖంలోకి కళ వచ్చింది. ఒకనాడు ఈల కూడా వేశాడు.

కాఫీ దుకాణం ఆవిడ దారిలో ఆపి పలకరించింది. “మీవారు బొత్తిగా రావడం మానేశారేమండీ? ఒంట్లో బాగుందా?”

“దివ్యంగా ఉంది. ఇంట్లోనే హాయిగా నిద్రపోతున్నారు” అంది టీచరు, ‘ఇంట్లోనే’ అన్న మాటను ఒత్తి పలుకుతూ. ఆ రోజు ఆమె తరగతిలో ఎవరినీ కసురుకోలేదు.

ఆ తరువాతి వారం ఒక ఉదయం బడిలో నీళ్ళగొట్టం పగిలి గదులన్నీ మడుగులయ్యాయి. సెలవంటూ అందరినీ గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. పట్టపగలు, పత్రాలు లేవు, పిల్లలు లేరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇలాంటి తీరిక ఆమెకు దొరకలేదు. వెళ్ళి అతని పక్కన కాసేపు నడుం వాల్చాలనిపించింది. అన్ని రోజులు అతణ్ణి అనుమానించినందుకు నోటితో చెప్పలేని క్షమాపణ ఏదో ఆ రూపంలో చెప్పుకోవాలనిపించింది.

గడియ పెట్టకుండా దగ్గరగా వేసి ఉన్న వీధి తలుపును చప్పుడు కాకుండా తోసింది. చెప్పులు గుమ్మంలోనే విడిచింది. పడకగది తలుపు సందు చేసుకుని లోపలికి జారి, వెంటనే మూసేసింది. గోడ తడుముకుంటూ నడిచి మంచం అంచున కూర్చుంది.

అతడు కదిలాడు. చెయ్యి చీకట్లో వెతుక్కుంటూ వచ్చి ఆమె మణికట్టును ఎంతో మెత్తగా పట్టుకుంది. ఆ మెత్తదనానికి ఆమె కళ్ళు చెమర్చాయి.

“వచ్చావా?” అన్నాడు అతడు నవ్వుతూ, నిద్రమత్తు గొంతుతో. “మీ అక్క వెళ్ళిపోయిందా?”