పెన్న ఇసుకలో విడిది

"మామిడితోపులో దిగుదాం. నీడ ఉండాది, బావి ఉండాది, ఊరికి దగ్గర" అన్నాడు రామలింగప్ప.

"తోపులో చీమలు తప్ప ఏముండాయి మామా? పెన్న ఇసుకలోనే దిగల్ల" అంది పెద్దకోడలు ఓబులమ్మ.

"అవతల గట్టున ఎవరు దిగుతారో తెలుసు గదా?"

"దిగనీ. ఏరేమన్నా వాళ్ళు గుత్తకు తీసుకున్యారా?"

రామలింగప్ప మాటకు ఊళ్ళో ఎదురు లేదు. అలాంటి మనిషి ఏటా కార్తీకంలో ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం మెత్తబడేవాడు. "నీ ఇష్టం" అని కండువా దులుపుకుని లేచిపోయాడు.

చిన్నకోడలు జీవమ్మ ఏరనగానే సంబరపడింది. ఆమెది బేతంచెర్ల. బండలే గానీ పారే ఏరును చూసి ఎరగదు. చెన్నపట్నం తీసుకుపోయి సముద్రం చూపిస్తానన్నాడు మొగుడు నరసన్న. అంతలో యుద్ధం వచ్చిపడింది. రైళ్ళలో సిపాయిలకే చోటు చాలడం లేదు. ఇక మిగిలింది పెన్నే. పెళ్ళయ్యాక ఆమెకు ఇదే మొదటి విహారం.

ఏర్పాట్లన్నీ ఓబులమ్మవే. అందులో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇంటి బండి, ఇంటి ఎద్దులు. జొన్నరొట్టెలు, చింతపండు పులుసన్నం, ఉల్లికారం. ఇసుకే పరుపు. ఏరు కొట్టుకొచ్చిన పుల్లలే వంటచెరకు. ఇసుకలో మోచేతి లోతు చెలమ తీస్తే తాగేందుకు తేటనీళ్ళు. ఉప్పు తప్ప ఏదీ కొనకుండా ఇంటిల్లిపాదినీ ఏటికి తీసుకుపోయి తీసుకురాగల మనిషి. ఇబ్బందల్లా ఆ నోటితోనే.

అవతల గట్టున దిగేది పగవాళ్ళు. అయిదారేళ్ళ కిందట పొలం గట్టు దగ్గర కొట్లాట జరిగి రెండు వైపులా తలలు పగిలాయట. అప్పటినుంచి ఆ ఇంటితో నిప్పూ నీళ్ళూ బందు. వాళ్ళతో ఒక్క మాట మాట్లాడినవాళ్ళు మళ్ళీ తన గడప తొక్కకూడదని రామలింగప్ప నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాడు. ఇంట్లో వాళ్ళ పేరెత్తడమే తప్పు కనక, కొత్తగా వచ్చిన జీవమ్మకు అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

బండి ఏట్లో దిగింది. సన్నటి పాయకు అవతల అప్పటికే పొయ్యి రాజేసి ఉంది. పొయ్యి దగ్గరున్న ముసలావిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది. ఆవిడ పేరు గంగక్క. కాడి దించకముందే ఓబులమ్మ కొంగు బిగించి, బాన చంకన పెట్టుకుని నీళ్ళ అంచుకు నడిచింది.

"ఏమే ముసిల్దానా, ఇంకా ఉండావా? పోయినేడు దగ్గిన దగ్గుకు ఈపాటికి కాటికి పోయింటావనుకుంటిని!"

"నేనెందుకు పోతానే? కరక్కాయ నమిల్తాండా, దగ్గు పారిపోయింది. నువ్వే ఎండుకట్టె మాదిరి అయినావు. ఆ ఇంట్లో నీకు కూడు పెట్టరా ఏం?"

"మాకేం కరువు? రెండు ఎనుములు పాలిస్తాండాయి. అయిదోనెల కడుపుతో ఏ ఆడది బలుస్తాది?"

"అయిదోనెలా! మరి ఆ బాన ఎందుకు మోస్తాండావే, బుద్ధి లేనిదానా?"

"మోస్తా! నీదేం పోయింది?"

జీవమ్మ బండి చాటున నిలబడి చెవులు మూసుకుంది. ఓబులమ్మ అంతటితో ఆగలేదు. పిల్లలిద్దరికీ తల దువ్వి, కొత్త చొక్కాలు తొడిగి, రెక్క పట్టుకుని ఏటి అంచున నిలబెట్టింది.

"చూడు, కండ్లలో నిప్పులు పోసుకో! నా పెద్దోడు బడికి పోతాండాడు!"

"బడికి పోతే సరా? ఆ చిన్నోని ముక్కు తుడిచే దిక్కు లేదా మీ కొంపలో?"

మధ్యాహ్నం దాకా ఇదే వరస. గొంతులు పెరిగేకొద్దీ అవతల మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. ఇవతల నరసన్న కర్ర మోకాళ్ళ మీదికి తీసుకున్నాడు. జీవమ్మ అది చూసింది. ఈ ఆడవాళ్ళ నోటి దురదకు తన మొగుడి తల పగలాలా?

పెళ్ళయ్యాక మామతో నోరు విప్పి మాట్లాడడం ఆమెకు అదే మొదలు.

"మామా, నీ కాళ్ళకు మొక్కుతా. ఎగువన ఆ గుట్ట మలుపు ఉండాది గదా, ఆడికి పోదాం. ఈళ్ళ మాటలు ఆడికి వినపడవు. ఈడే ఉంటే రక్తాలు కారతాయి."

మగవాళ్ళందరూ విన్నారు. అవునన్నారు. రామలింగప్ప పెద్దకోడలి వంక చూశాడు. కాదనడానికి ఆయనకు ఏ సాకూ దొరకలేదు.

"కట్టండి బండి" అన్నాడు.

ఓబులమ్మ అందరికంటే ఆఖరున, వెనక్కి చూస్తూ బండెక్కింది.

గుట్ట మలుపు దగ్గర నీళ్ళ చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. నరసన్న కర్ర పక్కన పారేసి పిల్లలతో ఈతకు దిగాడు. జీవమ్మకు ప్రాణం లేచొచ్చింది. తనే చెలమ తీసింది, తనే అందరికీ వడ్డించింది. ఓబులమ్మ మాత్రం అందరికీ వీపు పెట్టి కూర్చుంది. ముందున్న ఆకులో మెతుకు కదల్లేదు.

"ఇంకా కోపమేనా అక్కా? చూడు, ఎంత నిమ్మళంగా ఉండాదో! ఇంకనుంచి ఏటా ఈడే దిగుదాం. ఆ ముసిల్దాని గొంతు ఇంక జన్మలో నీకు వినపడదు."

ఓబులమ్మ చివాలున లేచి గుట్ట వైపు నడిచింది. జీవమ్మ వెంట పోబోతే అత్త హనుమమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"ఆ ఇంటోళ్ళతో మాట్లాడగూడదని కట్టుబాటు ఉండాది గానీ తిట్టగూడదని లేదు పాపా, అందుకే అది ఏడాదికొక్క తూరి వాళ్ళమ్మను తిట్టుకునేదానికి ఈడికొస్తాది."