ప్రతి నోటికీ కొత్త జత

“మేడం, హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. ఇయ్యాల చెకింగట. మామూలు పేషెంటు లెక్క ఎవరో వస్తరంట.”

అసిస్టెంటు భాగ్యమ్మ చెప్పిన మాటకు డాక్టర్ యశస్విని గుండెల్లో రాయి పడింది.

పడదూ మరి! మాదాపూర్‌లోని ఆ పళ్ల క్లినిక్‌కు ఆమే ఇన్‌చార్జి. చెయ్యి మంచిదే. పుచ్చుపన్ను నింపిందంటే ఏది పన్నో, ఏది సిమెంటో తెలియదు. వచ్చిన చిక్కల్లా గ్లౌజుల దగ్గరే. లంచ్ టైములో ఐటీ వాళ్లు వరసగా దిగుతారు. అందరికీ తొందరే. ఆ హడావిడిలో ఒకరి నోట్లో పెట్టిన జతకే కాస్త శానిటైజరు రాసి, ఇంకొకరి నోట్లో పెట్టేస్తుంది. మధ్యలో అవే చేతులతో ఫోనెత్తుతుంది, సొరుగు లాగుతుంది. రెండేళ్లుగా కుర్చీ పక్కన నిలబడి పైపు పట్టుకునే భాగ్యమ్మ చూస్తూనే ఉంటుంది గానీ నోరు మెదపదు. పోయిన నెల ఒక పేషెంటు మాత్రం ఊరుకోలేదు, కంప్లైంటు పెట్టాడు. మళ్లీ ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని హెడ్డాఫీసు లెటర్ పంపింది.

ఇక పొద్దుటి నుంచీ ఆమె కాలుగాలిన పిల్లే.

మొదట ఉదయ్ భాస్కర్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు. “ఈ ఫిల్లింగు ఎన్నాళ్లు ఉంటుందండీ?” అన్నాడు. ఇతనే! చేతులు కడుక్కుని కొత్త జత తొడిగింది. తర్వాత వచ్చిన అమ్మాయి గోడమీది సర్టిఫికెట్లు తీరిగ్గా చదివింది. కాదు, ఈమే! ఇంకో జత. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నోరు తెరిచిన ప్రతివాళ్లనూ చూసి ఉలిక్కిపడింది. ఫోను మోగి మోగి ఊరుకుంది.

సాయంత్రం ఆరయింది. పదకొండు మంది అయ్యారు. ఆఖరున పోచమ్మ అనే ముసలామె వచ్చి కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. నేత చీర, కాళ్లకు వెండి కడియాలు.

యశస్విని హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఈమె చెకింగేమిటి, నా మొహం! పదకొండో పేషెంటుకు వాడిన జత ఇంకా చేతికే ఉంది. దానికే శానిటైజరు రాయబోయింది.

“మేడం,” అంది భాగ్యమ్మ చెవిలో. “గిట్ల సాదాగ వచ్చేటోళ్లనే నమ్మొద్దు.”

యశస్విని చెయ్యి ఆగిపోయింది. “మిమ్మల్ని ఎవరు పంపారండీ?” అంది నవ్వు తెచ్చుకుని.

“ఎవలు పంపితేంది బిడ్డా, నొప్పి పోవాలె గద!” ముసలామె చూపు పక్కకు తిప్పుకుంది.

అనుమానం లేదు, ఈమే! పన్నెండో జత వచ్చింది. పుచ్చంతా తొలిచి, పొరలు పొరలుగా నింపి, నున్నగా మెరుగు పెట్టింది. లైటు జరపాలన్నా భాగ్యమ్మకే చెప్పింది. కాలేజీ పరీక్షలో కూడా అంత శ్రద్ధగా చెయ్యలేదు.

ముసలామె లేచి వెళ్లాక ఉండబట్టలేక హెడ్డాఫీసుకు ఫోను చేసింది. “ఇవాళ్టి చెకింగులో మాకు మార్కులెన్నండీ?”

“చెకింగా? ఈ నెల ఎవర్నీ పంపలేదు మేడం. ఫోను కూడా చెయ్యలేదే!”

అడుగుదామని విసురుగా బయటికొస్తే, డ్యూటీ దిగిన భాగ్యమ్మ లిఫ్టు దగ్గర ముసలామె చెయ్యి పట్టుకుని, “ఇగ ఫికర్ లేదు పా అమ్మా, ఇంటికాడ నాయిన ఎదురుచూస్తుంటడు” అంటోంది.